ఆర్మేనియాలో ‘నా’ అంటే ఎవరు?

చిన్న పందెం వేద్దాం రండి. మీకు తెలిసిన మనిషినెవరినైనా తలుచుకోండి. పక్కింటివాళ్లు కావచ్చు, ఆఫీసులో మీ పై అధికారి కావచ్చు, ఎవరైనా సరే. ఆ మనిషి గురించి నాతో రెండు నిమిషాలు కబుర్లు చెప్పాలి. షరతు ఒక్కటే. ఆ మనిషి ఆడో మగో నాకు తెలియకూడదు.

మొదలుపెట్టారా? “నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి...” దాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత “కూర్చున్నాడు” అన్నారో, దొరికిపోయారు. “కూర్చుంది” అన్నా దొరికిపోయారు. కాకపోతే కూర్చున్నది మనిషా, పక్కింటి పిల్లా, పెంపుడు పిల్లా అన్న అనుమానం నాకు మిగులుతుంది. సర్వనామాన్ని మింగేసినా లాభం లేదు, మన క్రియ ఊరుకోదు, తోక చివర గుట్టు విప్పేస్తుంది. కాస్త తెలివైనవారు ఒక దారి పట్టుకుంటారు. “వారు వచ్చారు, కాఫీ తాగారు, కాసేపుండి వెళ్లారు.” భేష్. అలా నెట్టుకు రావచ్చు. అయితే గమనించారా, ఆడమగ తేడా దాచడానికి మీకు దొరికిన చాటు మర్యాద ఒక్కటే. మీరు తలుచుకున్నది నాలుగేళ్ల పసివాళ్లనైతే ఆ చాటు కూడా లేదు. “వారు చాక్లెట్ కోసం కిందపడి దొర్లారు” అంటే నేను పందెం సంగతి మరిచిపోయి నవ్వుతాను.

ఇదే పందెం యెరెవాన్‌లో వేశారనుకోండి. ఆర్మేనియా రాజధానిలో ఎవరినైనా పట్టుకుని ఇలా మాట్లాడమంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా మాట్లాడి గెలుస్తారు. అసలు అందులో పందెం ఏముందో వాళ్లకు అర్థం కాదు.

ఎందుకంటే ఆర్మేనియన్ భాషలో వాడు, వీడు, అతను, ఆయన, ఆమె, ఆవిడ, అది అన్నింటికీ కలిపి ఉన్న మాట ఒక్కటే: ‘నా’. అవును, మనం ‘నా ఇల్లు’, ‘నా పెన్ను’ అని అరిచి గీపెట్టే ‘నా’ లాంటిదే ఆ పలుకు. మన ‘నా’ మనది, వాళ్ల ‘నా’ అవతలివాళ్లది. ఆ మనిషి రాజు కానీ, రాణి కానీ, చంటిపిల్ల కానీ, అందరూ ‘నా’లే. షష్ఠీ విభక్తిలో అది ‘నరా’ అవుతుంది, బహువచనంలో ‘నరాంక్’. క్రియకు కూడా లింగం పట్టింపు లేదు. ‘యెకావ్’ అంటే వచ్చాడు, వచ్చింది, రెండూ. విశేషణాలూ అంతే. ఎక్కడ గాలించినా వ్యాకరణంలో ఆడమగల ఆచూకీ దొరకదు.

ఇది ఏ ఏకాకి భాషో అయితే సరే అనుకోవచ్చు. కానీ ఆర్మేనియన్ మన సంస్కృతానికీ, గ్రీకుకూ, రష్యన్‌కూ దూరపు చుట్టం. ఇరానీ మాటలు కుప్పతెప్పలుగా చేరి ఉండటంతో చాలాకాలం దాన్ని ఇరానీ భాషల్లో ఒకటనుకున్నారు. కాదు, ఇండో-యూరోపియన్ కుటుంబంలో అది ప్రత్యేకంగా ఒక శాఖ అని జర్మన్ పండితుడు హైన్రిచ్ హ్యూబ్‌ష్‌మాన్ 1875లో నిరూపించాడు. పేరును వాళ్లు ‘అనున్’ అంటారు, మన ‘నామం’ దాని తోబుట్టువే. మరి ఆ కుటుంబానికి లింగం పిచ్చి ఎంతో మీకు వేరే చెప్పాలా? సంస్కృతంలో భార్య అన్న అర్థానికి ‘భార్యా’ స్త్రీలింగం, ‘దారాః’ పుంలింగం, పైగా నిత్య బహువచనం, ‘కళత్రం’ నపుంసకం. ఒకే ఇల్లాలికి మూడు లింగాలు అంటగట్టిన వంశం అది. ఆ వంశంలో పుట్టి ఆర్మేనియన్ ఒక్క లింగం కూడా ఉంచుకోలేదు.

ఎప్పుడు వదిలేసిందో ఎవరూ చూడలేదు. మెస్రోప్ మాష్తోత్స్ అనే సన్యాసి 405 ప్రాంతంలో 36 అక్షరాలతో ఆర్మేనియన్ లిపిని కూర్చాడు. ఆ లిపిలో బైబిల్ అనువాదంతో మొదలై 5వ శతాబ్దపు రచనలు బోలెడు నిలిచాయి. ఆ తొలి రచనల్లోనే లింగం లేదు. అంటే భాష మనకు కనబడే నాటికే ఆ మూట దించేసుకుని వచ్చింది. ఇరుగుపొరుగును చూసి అలా అయిందా అంటే, ఇరుగుపొరుగు కూడా అలాంటిదే. ఉత్తరాన జార్జియన్‌లో ‘ఇస్’ అంటే అతనూ ఆమే. పడమట టర్కీ భాషలో ‘ఓ’ అంటే అంతే. దక్షిణాన పారశీకంలో ‘ఊ’ అన్నా అంతే. నాలుగు భాషలు, మూడు వేర్వేరు కుటుంబాలు, లింగం ఊసు మాత్రం ఎవరికీ లేదు. ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో, అసలు అంటుకుందో లేదో పండితులు ఇంకా తేల్చుకుంటున్నారు. వాళ్లను తేల్చుకోనిద్దాం.

నాకు ఇక్కడ గుర్తొచ్చేది సయాత్-నోవా. 18వ శతాబ్దపు తిఫ్లిస్ నగరపు ఆర్మేనియన్ గాయకకవి. ప్రేమ గీతాలకు పెట్టింది పేరు. ఆర్మేనియన్‌లో, జార్జియన్‌లో, అజర్‌బైజానీలో, మూడింటిలోనూ పాటలు కట్టాడు. ప్రేమ గురించి మూడు భాషల్లో పాడిన ఆ కవికి ఆ మూడింటిలో ఒక్కదానిలోనూ ‘ఆమె’ అన్న మాట లేదు! లేకపోయినా ఎవరికీ లోటు కనబడలేదు. సెర్గేయ్ పరజానోవ్ ఆయన జీవితం ఆధారంగా 1960ల చివర్లో ‘దానిమ్మల రంగు’ అనే సినిమా తీశాడు. అందులో యువకవి పాత్రనూ, అతని ప్రేయసి పాత్రనూ సోఫికో చియావురెలి అనే ఒకే నటి పోషించింది. దర్శకుడు సర్వనామాల గురించి ఆలోచించి ఆ పని చేశాడని నేననను. ‘నా’ మాత్రం ఆ ఇద్దరికీ సరిపోతుంది.

అందరికీ ఈ ఏర్పాటు నచ్చిందనుకునేరు. 19వ శతాబ్దంలో ఇస్తాంబుల్ ఆర్మేనియన్ కవులు ఫ్రెంచి కవిత్వం తెగ చదివారు. అక్కడ ‘ఆమె’కు వేరే మాట ఉంది, మనకు లేదేమిటని బెంగ పుట్టింది కాబోలు, ‘నా’లో అచ్చు మార్చి ‘నే’ అని కొత్త మాట వాడారు. ‘నే’ అంటే ఆమె. పెట్రోస్ దురియన్ అనే కుర్రకవి ఆ పేరుతోనే ఒక కవిత రాశాడు. 1851లో పుట్టి 1872లో క్షయతో పోయాడు, ఇరవై ఏళ్ల జీవితం. ఆర్మేనియన్ పిల్లలు ఇప్పటికీ అతని కవితలు చదువుకుంటారు. ‘నే’ మాత్రం కవిత్వం గడప దాటి వంటింట్లోకీ బజారులోకీ రాలేదు. జనం దాన్ని తిట్టనూ లేదు, పొగడనూ లేదు. వాడలేదు, అంతే. భాషలో ఏదైనా కొత్త మాటను ప్రవేశపెట్టాలని ఉబలాటపడేవాళ్లు ఈ ‘నే’ కథ ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది. వ్యాకరణం నిండా ఎక్కడా లింగం లేనప్పుడు ఒక్క సర్వనామానికి తగిలిస్తే అది ఎంతసేపు నిలుస్తుంది?

ఇంతకీ ఆర్మేనియన్‌కు మనుషుల మధ్య తేడాలే పట్టవా? ఎందుకు పట్టవూ. ప్రతి భాషకూ ఒక మొండి ప్రశ్న ఉంటుంది. జవాబు చెప్పందే నోరు విప్పనివ్వదు. మన తెలుగు ప్రశ్న మీకు తెలిసిందే: మగా, కాదా? మనిషైతే ఎంత మర్యాద ఇద్దాం? ఆర్మేనియన్ ప్రశ్న వేరు. ఎక్కడ? నా దగ్గరా, నీ దగ్గరా, మనిద్దరికీ అవతలా?

‘సా’ అంటే నా దగ్గరున్నది. ‘దా’ అంటే నీ దగ్గరున్నది. ‘నా’ అంటే అవతలిది. స, ద, న అనే మూడు హల్లులతో లోకాన్నంతా మూడు ముక్కలు చేసిపెట్టారు. ‘అయ్‌స్’ ఈ, ‘అయ్‌ద్’ నీ దగ్గరి ఆ, ‘అయ్‌న్’ అల్లదిగో అక్కడి ఆ. వీధి మాటల్లో ఇవే నలిగి ‘ఎస్, ఎద్, ఎన్’ అయ్యాయి. ‘ఓర్’ అంటే రోజు, ‘అయ్‌సోర్’ అంటే ఈ రోజు. ఇక్కడ, నీ దగ్గర అక్కడ, దూరాన అక్కడ, ఇలా, నువ్వన్నట్టు అలా, అల్లప్పటిలా, అన్నీ ఈ మూడు హల్లుల సంతానమే.

మనకు ఈ, ఆ రెండే ఉన్నాయి కాబట్టి నడిమిది కాస్త వింతగా తోస్తుంది. ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు అవతలి గదిలో ఏదో దభేల్‌మని పడ్డ చప్పుడు వినబడిందనుకోండి. మనం “ఆ చప్పుడేంటి?” అంటాం. ఏ చప్పుడు? మీ ఇంట్లోదా, మా వీధి చివరిదా? ఆర్మేనియన్ ‘అయ్‌ద్’ అంటాడు. అంటే నీ దగ్గరి చప్పుడు, తకరారు లేదు. నువ్వు ఏదైనా చెబితే “అది నిజం” అనడానికి కూడా అతను ‘దా’ వాడతాడు. ఎందుకంటే ఆ మాట నీ నోటి నుంచి వచ్చింది, అది నీ వైపు సరుకు. వాదనల్లో ఇది ఎంత పనికొచ్చే సంగతో ఆలోచించండి. మన టీవీ చర్చల్లో “అదే నేనంటున్నది”, “అదే నేనూ అంటున్నది” అని ఇద్దరు ఒకరి మీదొకరు పడుతున్నప్పుడు ఎవరి ‘అది’ ఎవరిదో తేల్చడానికి ఒక ‘దా’ ఉంటే బాగుండును అనిపిస్తుంది.

మరీ దూరపు వింతేమీ కాదులెండి. పాత తమిళంలో ఇవన్, అవన్‌లకు తోడు ‘ఉవన్’ అని నడిమి మాట ఉండేది. శ్రీలంక తమిళుల నోట అది ఇప్పటికీ బతికే ఉంది.

ఈ స, ద, న ఊరికే సర్వనామాల్లో కూర్చోవు, నామవాచకాలకు తోకలుగా కూడా అతుక్కుంటాయి. ‘తున్’ అంటే ఇల్లు. ‘తునస్’ అంటే నా ఇల్లు, ‘తునద్’ అంటే నీ ఇల్లు. మూడోది అవతలివాళ్లదో, లేక మనకిద్దరికీ తెలిసిన ఫలానా ఇల్లో. ఆర్మేనియన్ నేర్చుకునేవాళ్లు మొదటిరోజు పలికే వాక్యం ‘అనునద్ ఇంచ్ ఎ?’ నీ పేరేమిటి? దానికి జవాబు ‘అనునస్’తో మొదలవుతుంది. ఒక్క హల్లు మారితే పేరు మీ చేతి నుంచి నా చేతికి వచ్చేసింది.

పాత ఆర్మేనియన్ సమాధి రాళ్ల మీద తరచూ కనబడే మొదటి మాటలు ‘అయ్‌స్ ఎ తపాన్’. ఇది ఫలానావారి సమాధి అని అర్థం. ఏ ‘ఇది’? ‘అయ్‌స్’, నా దగ్గరున్నది. చదివేవాడు అవతల నిలబడి ఉన్నాడు, మాట్లాడుతున్నది రాయి. ఈ భాషవాళ్లు మన దేశంలోకి వ్యాపారానికి వచ్చి శతాబ్దాలయింది. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల పాత శ్మశానం ఉంది. చెన్నై జార్జిటౌన్‌లో ఆర్మేనియన్ వీధి, అందులో 1772 నాటి చర్చి ఇప్పటికీ ఉన్నాయి. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక యెరెవాన్‌లోనో ఇస్తాంబుల్‌లోనో పుట్టలేదు. 1794లో మద్రాసులో పుట్టింది. పేరు ‘అజ్‌దరార్’. నడిపినది హారుత్యున్ ష్మావోన్యన్ అనే పూజారి. తెలుగువాళ్లు మా మద్రాసు అని చెప్పుకున్న ఊరిలో మన తొలి పత్రికల కంటే ముందే సా, దా, నా అచ్చయ్యాయి. మనమే పట్టించుకోలేదు.

సరే, మళ్లీ మనుషుల దగ్గరికి వద్దాం. సర్వనామంలో ఆడమగ లేకపోతే కబుర్లు ఎలా సాగుతాయని మీ అనుమానం. బంధుత్వాలు ఉన్నాయి కదండీ. అక్కడ ఆర్మేనియన్ మనకేమీ తీసిపోదు. అమ్మ తోబుట్టువైన ఆడమనిషి ‘మొరకూయ్‌ర్’, నాన్న తోబుట్టువైతే ‘హొరకూయ్‌ర్’. మేనమామ ‘కెరి’. నాన్న అన్నదమ్ములు వాడుకలో ‘హొపార్’. ఇంగ్లీషువాళ్లలా అందరినీ ఆంటీ, అంకుల్ గంపలో వేసే అలవాటు లేదు. ఒకచోట మనల్ని మించారు కూడా. భర్త తల్లి ‘స్కెసూర్’, భార్య తల్లి ‘జొకాంచ్’. రెండు వేర్వేరు మాటలు. మనకు భర్త తల్లీ అత్తే, భార్య తల్లీ అత్తే, నాన్న చెల్లెలూ అత్తే. మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఒకే మనిషి అందులో రెండు పదవులు ఏకకాలంలో నిర్వహించేది కాబట్టి మనకు ఇబ్బంది కలగలేదు. ఆర్మేనియన్ ఇంటికి కోడలిగా వెళ్లిన పిల్ల తన ‘స్కెసూర్’ గురించి పుట్టింట్లో చెప్పుకునేటప్పుడు ఒక్కసారి ఆ మాట అంటే చాలు. ఆపై ఎన్నిసార్లు ‘నా’ అన్నా వినేవాళ్లకు ఎవరో తెలుసు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా తగిలించే తోక ఒకటి వాళ్లకూ ఉంది, ‘ఉహి’. నటుడు ‘దెరసాన్’, నటి ‘దెరసానుహి’. మనకు రచయిత, రచయిత్రి ఉన్నట్టే. ఇంటిపేర్లకు మాత్రం తేడా లేదు. రష్యన్లలో భర్త ఇవనోవ్ అయితే భార్య ఇవనోవా కావాలి. ఆర్మేనియన్లలో ఆడకైనా మగకైనా చివర ‘యన్’ ఒకటే.

మర్యాద? ఎదురుగా ఉన్న పెద్దమనిషిని ‘దూక్’ అంటారు, అచ్చంగా మన ‘మీరు’. చనువున్నవాళ్లను ‘దూ’. అయితే ఆ పెద్దమనిషి వెనుదిరిగి వీధి మలుపు తిరిగాక ఆయన కూడా మామూలుగా ‘నా’నే. ఇక్కడ మనకూ వాళ్లకూ అసలు తేడా ఉంది. తెలుగువాడికి మనిషి కళ్లెదుట లేనప్పుడే మర్యాద లెక్క మరీ ముదురుతుంది. వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు. తెలంగాణ పల్లెల్లో గాయన, గామె. ఇల్లాలు మగడిని ‘మా ఆయన’ అంటుందా, ‘మావారు’ అంటుందా, కోపంలో ‘ఈ మనిషి’ అంటుందా అన్నదాన్ని బట్టి ఆ ఇంటి వాతావరణం వీధిలోకే తెలిసిపోతుంది. మనం ఎవరినైనా వెనక ఏమనుకుంటామో మన సర్వనామమే చెప్పేస్తుంది. వాడన్నామా, ఆయనన్నామా అన్నదాని మీద పెళ్లి సంబంధాలు తప్పిపోయిన ఊళ్లున్నాయి.

ఇప్పుడు కొంతమంది ఉత్సాహవంతులు ఒక మాటంటారు. ఆర్మేనియన్లకు ఆడమగ తేడా సర్వనామంలోనే లేదు కాబట్టి ఎంత సమానత్వమో చూడండి అని. ఆ మాట నేను నమ్మను. టర్కీలో, ఇరాన్‌లో, జార్జియాలో, ఆర్మేనియాలో ఆడవాళ్ల బతుకు సర్వనామాలను బట్టి నడవలేదు. ఒక్క ‘నా’తో సరిపెట్టుకున్న పల్లెల్లోనే కొత్తకోడలు అత్తమామల ముందు నోరు విప్పకూడదన్న కట్టుబాటు ఉండేది. మన సంగతీ చూడండి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మగవాళ్లను మహత్తులన్నారు. స్త్రీ ఏకవచనం క్రియ దగ్గర పశువులతో, రాళ్లతో కలిసి నిలబడుతుంది: ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలోకి వెళ్లగానే మగవాళ్ల పక్కన చేరుతుంది: వాళ్లు వచ్చారు. దీన్ని బట్టి తెలుగువాళ్లు ఒక్క ఆడమనిషిని బస్సుతో సమానంగానూ, ఇద్దరు కనబడితే మనుషులుగానూ చూస్తారని ఎవరైనా రాస్తే ఊరుకుంటామా? వ్యాకరణం ఎప్పుడో ఏ కారణానో పడ్డ బాట. దాని మీద ఇవాళ నడిచేవాళ్ల గుణం ఆ బాటలో వెతకకూడదు.

అలాగని బాట వల్ల ఏ చిక్కూ లేదనీ అనను. యంత్రాలు అనువాదాలు చేయడం మొదలుపెట్టాక ఈ చిక్కు బయటపడింది. టర్కీ భాషలోని ‘ఓ’ను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు డాక్టరైతే మగ, నర్సయితే ఆడ అని యంత్రం తనంతట తనే తీర్మానించేసేది. జనం గొడవచేశారు. 2018 డిసెంబరులో గూగుల్ అలాంటి వాక్యాలకు రెండు అనువాదాలూ పక్కపక్కన చూపడం మొదలుపెట్టింది. మన దేశంలో ఈ తలనొప్పి చాలా పాతది. బెంగాలీలో కూడా ‘షె’ అంటే అతనూ ఆమే, గౌరవానికి ‘తిని’. శరత్ నవలలను తెలుగులోకి దించిన చక్రపాణి వంటివారు పుట పుటకూ ఎవరు ఆడ, ఎవరు మగ, ఎవరికి ఎంత మర్యాద అని తేల్చుకుంటూ రాశారు. మనం చదివి ఏడ్చాం కానీ ఆ శ్రమ మనకు కనబడలేదు.

నాకు అన్నిటికన్నా రుచించిన సంగతి ఇంకా చెప్పలేదు. పుస్తకాల్లో ‘నా’ రాజ్యం చేస్తుంది కానీ యెరెవాన్ వీధుల్లో దాని పలుకుబడి తగ్గింది. అక్కడి జనం మాటల్లో ఎక్కువగా వినబడేది ‘ఇన్‌క’. దాని అసలు అర్థం ‘తాను’. బహువచనం ‘ఇరెంక్’, అంటే తాము. షష్ఠి ‘ఇర్’, అంటే తన. ప్రామాణిక వ్యాకరణంలో దీనికి ఒక కచ్చితమైన పని ఉంది. అరాం హకోబ్‌ను ‘ఇర్’ ఇంటికి పంపాడంటే అరాం సొంత ఇంటికి. ‘నరా’ ఇంటికి పంపాడంటే సొంతింటికి కాదు, హకోబ్ ఇంటికో మరెవరింటికో. ఇంగ్లీషు ఈ తేడా చెప్పలేక నీళ్లు నములుతుంది. మనకు చిటికెలో పని: తన ఇంటికి, అతని ఇంటికి. ఇంత దూరంలో ఉన్న రెండు భాషలకు ఈ ఒక్క విషయంలో ఇంత పొత్తు కుదరడం చూస్తే ముచ్చటేస్తుంది.

పొత్తు అక్కడితో ఆగలేదు. వాళ్ల ‘తాను’ ఎలా గీత దాటి మామూలు ప్రథమ పురుషగా మారిపోయిందో, మన ‘తాను’కూ ఇప్పుడు అదే జరుగుతోంది. ఈ కాలపు కుర్రకారు మాటలు వినండి. “తను నా ఫ్రెండ్”, “తను హైదరాబాద్‌లో ఉంటుంది”, “నేను తనకి ఫోన్ చేశాను”. ఇందులో ఏ ‘తను’ కూడా పాత లెక్కలో ‘తాను’ కాదు. ఎవరికీ తిరిగి అన్వయించదు. తిన్నగా ‘అతను’ లేదా ‘ఆమె’ స్థానంలో కూర్చుంది. పండితులు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం కుర్రవాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. తోటి వయసు అమ్మాయిని ‘ఆమె’ అంటే ఎవరో పరాయి మనిషిలా ఉంటుంది, ‘ఆవిడ’ అంటే ముసలమ్మను చేసినట్టుంటుంది, ‘అది’ అంటే చనువు మితిమీరుతుంది. ఏ అంతస్తూ అంటని మాట ఒకటి కావాలి. వెతికితే ఇంట్లోనే ‘తను’ ఖాళీగా కనబడింది. పనిలో పెట్టుకున్నారు. “తను డాక్టర్” అంటే ఆడో మగో తెలియదు, మర్యాదెంతో తెలియదు. అచ్చం యెరెవాన్ వాక్యం! క్రియ రాగానే మాత్రం మళ్లీ మన పాత పోలీసు లాఠీ పట్టుకుని దిగుతాడు: తను చెప్పాడా, తను చెప్పిందా?

యెరెవాన్ భాష కాక పశ్చిమ ఆర్మేనియన్ అని ఇంకో రూపం ఉంది. 1915లో ఆర్మేనియన్ల మీద జరిగిన నరమేధం తర్వాత బేరూత్, అలెప్పో, పారిస్, కాలిఫోర్నియాలకు చెదిరిపోయినవాళ్ల భాష. అక్కడ ‘నా’ బదులు ‘అన్’ అంటారు, బహువచనం ‘అనోంక్’. ద, త శబ్దాలు తారుమారై ‘తున్’ ‘దున్’ అవుతుంది. లింగం మాత్రం అక్కడా లేదు. 2010లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో చేర్చింది. దేశం చేజారిపోయాక ఇళ్లలో మాత్రమే బతికే భాష ఎన్ని తరాలు నిలుస్తుందో డల్లాస్‌లో, న్యూజెర్సీలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక ఒక పని అప్పగించి లేస్తాను. హోవన్నెస్ తుమాన్యన్ అని ఆర్మేనియన్లు నెత్తిన పెట్టుకునే రచయిత ఉన్నాడు, 1869 నుంచి 1923 దాకా బతికాడు. ఆయన కథ ‘గికోర్’. పన్నెండేళ్ల పల్లెటూరి కుర్రాడు గికోర్‌ను తండ్రి హంబో పట్నానికి తీసుకెళ్లి, బాగుపడతాడన్న ఆశతో ఒక బట్టల వర్తకుడి దగ్గర పనికి పెడతాడు. ఆ పిల్లాడు ఇంటికి తిరిగి రాడు. తండ్రి వాడి బట్టలు పట్టుకుని ఒక్కడే ఊరి దారి పడతాడు. అందులో పిల్లాడూ ‘నా’నే, తండ్రీ ‘నా’నే, వర్తకుడూ ‘నా’నే. తెలుగులోకి తెచ్చేవాళ్ల చెయ్యి ఏం చేస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లాడు ‘వాడు’ అవుతాడు, పల్లెటూరి తండ్రి ‘అతను’ అవుతాడు, షావుకారు దర్జాగా ‘ఆయన’ అవుతాడు. చూశారా, నేను కథ చెప్పిన ఈ మూడు ముక్కల్లోనే కుర్రాడు ‘వాడు’ అయిపోయాడు, రచయిత ‘ఆయన’ అయిపోయాడు. తుమాన్యన్ పెట్టని అంతస్తులు మనం పెడతాం. ముగ్గురినీ ‘అతను’ అంటే తెలుగు చదువరికి బిగుసుకుపోయినట్టుంటుంది, ముగ్గురినీ ‘తను’ అంటే గందరగోళం. అయినా నా ఓటు పిల్లాడికీ తండ్రికీ ‘అతను’కే, వర్తకుడికి కూడా అదే. అదనంగా ఒక్క అక్షరం మర్యాద ఇవ్వను.

మన దేశం నుంచి యెరెవాన్ వెళ్లి వైద్యం చదువుతున్న పిల్లలు చాలామందే ఉన్నారు. మీలో తెలుగువాళ్లెవరైనా ఇది చదివితే, పరీక్షలయ్యాక ‘గికోర్’ను రష్యన్ మీదుగా, ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగు చెయ్యండి. చేశాక నాకు మొదటి పేజీ పంపండి చాలు, ఎవరికి ఏ సర్వనామం ఇచ్చారో అందులోనే తెలిసిపోతుంది.